ద్వాళి కొన్న తీపి వైను

ద్వాళి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె మీద కాదు. ఆమె కుండ పగలగొట్టించి, ఆమె వాకిట్లోకే వచ్చి చాప మీద కూర్చున్న పెద్దమనిషి మీద.

కొత్తగూడ అడవి అంచున ఆ లంబాడా తండాలో నేను బడిపంతులుని. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బడి మూతపడ్డా నేను తండాలోనే ఉండిపోయాను. భర్త పోయాక ద్వాళి పోడు చేసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ కూతురు సుమను పెంచింది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఇంటికి ఎవరొచ్చినా ఏదో ఒకటి తాగించందే పంపదు.

సుమకు సంబంధం కుదిరింది. పిల్లవాడి తండ్రి బీక్యాది బయ్యారం దగ్గరి తండా. మాట ఖాయం చేసుకోవడానికి లంబాడాలకొక పద్ధతి ఉంది. పిల్ల ఇంటి వాకిట్లో పెద్దలంతా ఒక వరసలో కూర్చుంటారు. పిల్ల తల్లి నింపిన గిన్నె ఒకరి చేతి నుంచి ఇంకొకరికి పోతుంది. ఏ ఒక్కరు తాగకుండా తోసేసినా ఆ సంబంధం తప్పిపోయినట్టే. ఆ రోజు కోసమే ద్వాళి ఎండబెట్టి దాచిన పువ్వుతో సారా కాచి కుండలో పెట్టుకుంది.

గోవర్ధన్ ఉండనిచ్చాడా! కొత్తగూడలో వైన్స్ అతనిది. లైసెన్సు ఎవరో తండా కూలివాడి పేరు మీద, గల్లాపెట్టె మాత్రం ఇతని చేతిలో. ఇళ్లలో సారా కాస్తే తన దుకాణం నడవదని మనుషుల్ని జీపులో పంపాడు. వాళ్లు కుండ పగలగొట్టి, మిగిలిన పువ్వును బురదలో తొక్కి పోయారు. అదే సాయంత్రం దీక్షా శిబిరంలో గోవర్ధన్ మైకు పట్టుకుని "మన అడవి, మన పండుగలు, మన తిండి" అని గొంతు చించుకున్నాడు. చప్పట్లు కొట్టిన వాళ్లను చూస్తే నాకు ఇంకా మండింది.

ద్వాళి తోడు రమ్మంటే ఆ వైన్స్‌కే వెళ్లాం. ఇంకెక్కడికి పోతాం? బంద్ అని ముందు షట్టర్ దించి, పక్క కిటికీలోంచి అమ్ముతున్నారు.

"పువ్వుతోనో పండుతోనో చేసింది కావాలె," అంది ద్వాళి.

లోపలివాడు నవ్వాడు. "గిట్ల అడిగినోళ్లను నేను సూడలే అవ్వా!" అయినా వెతికి, దుమ్ముపట్టిన మూల నుంచి రెండు తీపి వైను సీసాలు తీశాడు. కొనేవాళ్లు లేక చౌకగానే ఇచ్చాడు. సీసా మీది ద్రాక్ష గుత్తి బొమ్మ చూసి, ఎండకు పట్టి రంగు చూసి గాని ద్వాళి సంచిలో వేసుకోలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, పోయిన పెద్దల కోసం నేల మీద నాలుగు చుక్కలు వదిలి, గ్లాసులో ఇంత పోసుకుంది. నాకూ పోసింది.

"దవాఖాన మందు లెక్కుంది సారూ," అని మూతి తిప్పింది. ఇంకో గుక్క తాగి, "జర మంచిగనే ఉంది," అంది. ఆ తర్వాత నవ్వింది. కుండ పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

మర్నాడు బీక్యా వాళ్లొచ్చారు. పెద్దలు కూర్చుంటుండగా గోవర్ధన్ జీపు ఆగింది. ర్యాలీలో తండా ఆడవాళ్లు అద్దాల బట్టలు కట్టుకుని ఆడాలని చెప్పడానికి వచ్చాడట. "మనమంతా ఒక్కటే" అంటూ, పిలవని పేరంటానికి వచ్చినట్టు బీక్యా పక్కన చాప మీద కూర్చున్నాడు. మర్యాదకు ఎవరూ ఏమీ అనలేదు. ఈ మర్యాదే మన కొంప ముంచేది!

గిన్నె అతని దాకా వచ్చింది. వాసన చూసి, మొహం చిట్లించి తోసేశాడు.

"గీ తియ్యనీళ్లు నాకెందుకవ్వా? ఇప్పసార తియ్యి. మీ తండాకొస్తే గదే తాగాలె."

గుమ్మంలో నిలబడ్డ సుమ ముఖం పాలిపోయింది. సిగ్గులేని మనిషి, తాను ఏం చేశాడో కూడా అతనికి తెలియలేదు.

"గిన్నె తోసిండు," అన్నాడు బీక్యా మెల్లగా. "మాట ఎట్ల నిలుస్తది ద్వాళమ్మా?"

ద్వాళి వచ్చి గోవర్ధన్ ఎదురుగా నిలబడింది.

"మా కుండ పగలగొట్టిచ్చింది నువ్వే. గిది నీ దుకాణంల కొన్నదే. నీ సరుకు నువ్వు తాగవు. మా సార నువ్వు తాగుతవు గని, మమ్మల్ని కాసుకోనియ్యవు. తెలంగాణ కోసం మేం గూడ రోడ్డు మీద కూసున్నం. అచ్చినంక మా కుండ మాకుంటదా, ఉండదా?"

"గది వేరే ముచ్చట అవ్వా..." గోవర్ధన్ నసిగాడు.

"అయితే లే."

"ఏందీ?"

"వరసలకెల్లి లే దొరా. గిన్నె తోసినోడు మా వరసల మనిషి గాదు. మావోళ్లు ఎవ్వరూ తోయలే."

బీక్యా అతని కింది చాప అంచు పట్టుకుని లాగాడు. మైకు ముందు అలుపెరగని ఆ మనిషి ఒక్క మాటా లేకుండా లేచి, చెప్పులు వెతుక్కుని జీపెక్కాడు.

ద్వాళి గిన్నె మళ్లీ నింపింది. ఖాళీ అయిన చోటులోకి పెద్దలంతా జరిగి కూర్చున్నారు. బీక్యా తాగి పక్కవాడికి అందించాడు.