నీళ్ల మీద కట్టిన దొడ్డి

పడవ తిరగబడిన రోజు నేను బాగానే ఉన్నాను. నా కాళ్ల మీద నేనే నడిచి ఇంటికి వచ్చాను, తలకు పోసుకున్నాను, వేడి వేడి అన్నం తిన్నాను. తేడా తెలిసింది మర్నాడు పొద్దున. ఒక జాకెట్టు ఆ రోజే ఇవ్వాల్సి ఉండి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. ఒక చెయ్యి కుట్టేసరికి ఆయాసం వచ్చింది. మిషన్ ఆపి, కాసేపు గోడకు ఆనుకుని, మళ్లీ మొదలుపెట్టాను. రెండో చెయ్యి పూర్తి కాలేదు. గాలి లోపలికి పోతోంది గానీ సగం దారిలోనే ఆగిపోతున్నట్టుంది. దగ్గితే పొడి దగ్గు, ఛాతీలో పిడికిలి పెట్టి నొక్కినట్టు నొప్పి.

"చల్లటి నీళ్లల్ల మునిగినవ్ గద బిడ్డా, గట్లనే ఉంటది. జర అల్లం కషాయం తాగు" అంది మా అత్తమ్మ. తాగాను. ఆ కషాయం తాగిన గంటలు, ఆ తర్వాత పోగొట్టుకున్న గంటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అసలు పడవ ఎందుకు చేశామో చెప్పాలి. మాది దేవరకొండ అవతల, సాగర్ వెనక జలాలు ఇళ్ల దగ్గరి దాకా వచ్చే ఊరు. గొర్రెల కాపరుల కుటుంబం. నేను ఇంటర్ దాకా చదివి ఇంట్లోనే బట్టలు కుడతాను, నా భర్త మల్లేశ్ మందను చూసుకుంటాడు. వానలు పడి డ్యాం నిండితే ఊరి ముందున్న గుట్ట చుట్టూ నీళ్లు చేరతాయి. ఆ గుట్ట మీద మోకాలెత్తు గడ్డి ఉంటుంది. ఇటువైపేమో ఎక్కడ చూసినా పత్తి చేలు, గొర్రె కాలు పెడితే పంచాయితీ. చేపలు పట్టేవాళ్లు తమ పడవల్లో గొర్రెలను ఎక్కించుకోరు, పెంటికలు కడుక్కోలేక చస్తామంటారు. వాళ్ల బాధ వాళ్లది.

"గా మాత్రం పడవ మనం చేసుకోలేమా?" అన్నాడు మల్లేశ్.

చేశాడు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు వరుసగా కట్టి, వాటి మీద ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, చట్రం మీద చెక్కలు పరిచాడు. ఖాళీ పడవ నీళ్ల మీద చక్కగా తేలింది. నలుగురు మగవాళ్లు ఎక్కి గెంతినా మునగలేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గొర్రెలు నీళ్లలోకి దూకుతాయేమోనని చుట్టూ ఛాతీ ఎత్తున తడకలు కట్టి, ఒక పక్కన మాత్రం తలుపు పెట్టాడు. తాతముత్తాతల నుంచి దొడ్లు కట్టిన చేతులవి. మావాళ్లకు తెలిసింది దొడ్డి కట్టడమే కాబట్టి పడవను కూడా దొడ్డిలాగే కట్టారు. నేను చూసి కూడా, మంచిగా కుదిరింది అనుకున్నాను.

ఇక పడవ గట్టిదో కాదో ఎలా తేల్చారో వినండి. మా మందకు ముందు నడిచే పొట్టేలు ఒకటి ఉంది. అది ఎటు పోతే అందరూ అటే పోతారని దాని పేరు సర్పంచ్. మాలో ఏ పని మొదలుపెట్టినా పొట్టేలు వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. నీళ్లు పోశారు. సర్పంచ్ చెవుల నుంచి తోక దాకా విదిలించాడు. ఒడ్డు మీదున్న జనమంతా కేకలు, ఈలలు. చల్లటి నీళ్లు మీద పోస్తే ఏ ప్రాణి ఒళ్లు విదిలించదు? ఆ మాట అప్పుడు నోటి దాకా వచ్చింది, అనలేదు. దేవుడి పని కదా అని ఊరుకున్నాను.

సర్పంచ్ పడవ ఎక్కనని మొండికేశాడు. తల్లి చచ్చిపోతే వాణ్ని సీసా పాలు పట్టి పెంచింది నేనే. "నువ్వెక్కి పిలువే, నీ మాటే వింటడు. వాడెక్కితే తక్కినయన్నీ ఎక్కుతయ్" అన్నాడు మల్లేశ్. నేను ఎక్కి పిలిచాను. వాడు వచ్చాడు. వాడి వెనకాల చట్రం నిండేదాకా గొర్రెలు ఎక్కాయి. మిగిలిన మంద ఒడ్డునే ఉండిపోయింది.

మల్లేశ్ తడక బయట అంచున నిలబడి గడతో తోశాడు. పడవ లోతుకు చేరాక ఒడ్డున ఉన్న గొర్రెలు అరవడం మొదలుపెట్టాయి. సర్పంచ్ ఆ అరుపు విని తలుపు వైపుకు నడిచాడు. వాడి వెనక అన్నీ నడిచాయి. నేల మీద దొడ్డిలో రోజూ జరిగేది అదే. నీళ్ల మీద అదే జరిగితే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పక్క కిందికి దిగింది, ఎదురు పక్క పైకి లేచింది, చూస్తుండగానే దొడ్డి మొత్తం మా మీద బోర్లా పడింది.

తడక లేకపోతే పక్కకు పడి, ఏదో ఒకటి పట్టుకునేదాన్ని. తడక నన్ను లోపలే మూసేసింది. బురద నీళ్లు, నా ముఖం మీద గొర్రెల కాళ్లు, నోట్లో పెంటికల రుచి. తడక బయట ఉన్న మల్లేశ్ బోర్లాపడ్డ పడవ మీదికెక్కి, నడుముకు దోపుకున్న గొడ్డలితో తడక తాళ్లు నరికి నన్ను జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఆ సంగతి నేను ఎన్నటికీ మరచిపోను, ఎంత కోపంలో ఉన్నా కాదనను. సర్పంచ్ ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. తడకల్లో ఇరుక్కున్న గొర్రెలు చచ్చిపోయాయి.

ఒడ్డున సగం మంది చేతుల్లో ఫోన్లు, వీడియో తీస్తున్నారు. మిగతా సగం మంది పెద్ద డాక్టర్లయిపోయారు. నన్ను ట్రాక్టర్ ట్యూబు మీద బోర్లా వేసి, వీపు మీద మోకాళ్లు ఆనించి, పొట్ట పిండినట్టు నొక్కారు. నాకు అప్పటికే తెలివి ఉంది, ఊపిరి ఆడుతోంది, "ఆపండి" అంటున్నాను. వినేదెవరు? పొద్దున తిన్నదంతా కక్కాను. కక్కుతూ ఉక్కిరిబిక్కిరయ్యాను.

"నీళ్లన్నీ పోయినయ్. ఇగ ఏం కాదు, ఫికర్ లేదు" అన్నారు. అందరూ చేతులు కడుక్కున్నారు.

మళ్లీ ఆ మర్నాటికి వస్తాను. కషాయంతో తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయారు. నీళ్లలో మునిగానని చెప్పాం. ఆయన నా వీపు మీద స్టెతస్కోపు కూడా పెట్టలేదు. "భయానికి గ్యాస్ పట్టింది" అని ఇంజెక్షన్ చేసి, సెలైన్ ఎక్కించి పంపాడు. సాయంత్రానికి నా పెదవులు నల్లబడ్డాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు గానీ మల్లేశ్ ఆటో తీసుకురాలేదు.

దేవరకొండలో ఒక డాక్టరు నా వేలికి క్లిప్పు పెట్టి, అంకె చూసి, లేచి నిలబడ్డాడు. "ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోంది. ఎప్పుడు మునిగింది? నిన్ననా? నిన్నటి నుంచి ఎక్కడున్నారయ్యా మీరు?" అని మల్లేశ్ మీద అరిచాడు. ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో హైదరాబాద్ పంపించాడు.

అక్కడి దవాఖానలో ఎక్స్‌రే, సీటీ స్కాన్, చేతి నరం నుంచి ఏబీజీ అని ఒక రక్తపరీక్ష. ఆ పరీక్ష నొప్పి తెలియనివాళ్లు అదృష్టవంతులు. ఐసీయూలో డాక్టరమ్మ మల్లేశ్‌తో అన్న మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "ఆస్పిరేషన్ నిమోనియా. రెండు లంగ్స్‌లోనూ ఉంది. ఊపిరితిత్తులు పని ఆపేసే ఏఆర్డీఎస్‌లోకి పోతోంది. వెంటిలేటర్ పెట్టాలి, సంతకం చేయండి."

తర్వాత కొన్ని రోజులు నాకు లేవు. ఉన్నవల్లా ముక్కలే. గొంతులో గొట్టం, మంచానికి కట్టిన చేతులు, ఎవరో "దగ్గమ్మా, దగ్గు" అనడం. గొట్టం తీశాక డాక్టరమ్మ అడిగింది. "నీళ్లలోంచి తీశాక పొట్ట నొక్కారా?"

తలూపాను.

"లంగ్స్‌లోకి పోయిన నీళ్లు పొట్ట నొక్కితే రావమ్మా. పొట్టలో ఉన్నది పైకొచ్చి లంగ్స్‌లోకి పోతుంది. గొట్టంతో సక్షన్ చేస్తే మాకు అన్నం మెతుకులు వచ్చాయి. ఊపిరి ఉన్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో."

అంటే కృష్ణ నీళ్లు నాకు చేసిన కీడు కొంత, ఒడ్డున నా మేలు కోరినవాళ్లు చేసింది అంతకంటే ఎక్కువ. ఆ రోజు నేను ఏడ్చాను. బాధతో కాదు, కసితో.

వార్డుకు మార్చారు. ఇక ఇంటికే అనుకుంటుండగా మళ్లీ చలి జ్వరం. లంగ్ చుట్టూ చీము చేరింది, ఎంపయీమా అన్నారు. పక్కటెముకల మధ్య కోసి గొట్టం పెట్టారు, ఐసీడీ అంటారు. ఆ గొట్టం చివర సీసా పట్టుకుని బాత్రూమ్‌కు పోవడం నేర్చుకున్నాను. నన్ను చూడ్డానికి అత్తమ్మ వచ్చింది. యాపిల్ పండు కోసి ఇస్తూ మెల్లగా అంది.

"ఊర్లె అందరు ఒక్కటే మాట అంటున్నరు బిడ్డా. కొత్త పడవల ఆడమనిషి ముందుగాల కాలు పెట్టింది, గందుకే గిట్లయ్యిందని."

నేను మల్లేశ్ వైపు చూశాను. నన్ను ఎక్కమన్నది ఎవరు? అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఒక్క మాట, "నేనే ఎక్కమన్న" అనే ఒక్క మాట అతని నోట్లోంచి రాలేదు. నేను అరవబోయాను, దగ్గు తెర వచ్చి గొట్టం దగ్గర ప్రాణం పోయినట్టయింది. కోపం తెచ్చుకోవాలన్నా ఊపిరి కావాలని అప్పుడు తెలిసింది. ఫిజియోథెరపీ అమ్మాయి మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి పీల్చమంటే చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోలేదు. ఇంటికి పోయి ఆ ఊరిని తిట్టడానికి సరిపడా ఊపిరి సంపాదించుకోవాలని పీల్చాను.

ఇంటికి వచ్చాక ఒడ్డున ఏం కనబడిందో తెలుసా? పడవ. కొత్త తాళ్లు, కొత్త తడకలు.

"ఈసారి ఇంకో రెండు డ్రమ్ములు కట్టిన. ముందుగాల నేనే ఎక్కుత. ఏం కాదు" అన్నాడు మల్లేశ్.

కొబ్బరికాయ కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ఈసారి అతనే ఆ తడకల మధ్య నిలబడితే తాళ్లు నరకడానికి పైన గొడ్డలి పట్టుకుని ఎవరుంటారు? నా చేతుల్లో దువ్వెన ఎత్తే సత్తువ లేదు. ఆ ఆలోచనకే నాకు మళ్లీ ఆయాసం వచ్చింది.

పడవ నీళ్లలోకి దించే రోజు నేనూ ఒడ్డుకు పోయాను, దారిలో రెండుచోట్ల కూర్చుని లేచి. జనం మళ్లీ పోగయ్యారు, మళ్లీ ఫోన్లు. నేను అన్నాను. "ఎవ్వరు ఎక్కొద్దు. గొర్లు ఎంత బరువుంటయో గంత ఇసుక యూరియా సంచులల్ల నింపుండ్రి. అన్ని సంచులు తలుపు దిక్కే పెట్టుండ్రి."

"గట్ల ఒక్క దిక్కే ఎవరన్న పెడ్తరా? నడుమల పెట్టాలె" అన్నారు ఎవరో.

"గొర్లు నడుమల నిలవడ్తయా? నువ్వు చెప్తే ఇంటయా?" అన్నాను. అంత మాట ఒక్క ఊపిరిలో అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

మల్లేశ్ నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, తనే సంచి ఎత్తుకున్నాడు. పడవను తాడుతో ఒడ్డుకు కట్టి, నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కో సంచీ తలుపు పక్కన పేర్చారు. సగం సంచులు ఒడ్డు మీద ఉండగానే ఆ పక్క మునిగింది. అందరూ వెనక్కి దూకారు. కొత్త డ్రమ్ములతో, కొత్త తడకలతో పడవ బోర్లా పడింది.

ఈలలు లేవు. నేను అడిగాను. "ఇప్పుడు చెప్పుండ్రి. ముందుగాల ఏ ఆడామె ఎక్కింది?"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశ్ నీళ్లలోనే నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు. "ఆ పొద్దు దాన్ని ఎక్కుమన్నది నేనే." దవాఖానలో రావాల్సిన మాట అప్పుడు వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చింది, తీసుకున్నాను. పడవను విప్పేశాడు.

ఇప్పుడు నేను మళ్లీ బట్టలు కుడుతున్నాను, మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాను. మెట్లెక్కితే ఆగాలి. చలికాలం ఇన్‌హేలర్ సంచిలో ఉండాలి. పక్కటెముకల దగ్గర మచ్చ వాన ముసురు పట్టినప్పుడు లాగుతుంది.

పోయిన ఎండాకాలం మా పక్కింటి పిల్ల ఈత నేర్చుకుంటూ వ్యవసాయ బావిలో మునిగింది. బయటికి తీస్తే ఏడుస్తోంది, మాట్లాడుతోంది. అప్పటికే ఒకాయన మోకాలు సిద్ధం చేసుకున్నాడు. నేను పోయి ఆయన చొక్కా పట్టుకుని లాగేశాను. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఒక రాత్రి అబ్జర్వేషన్‌లో ఉంచి పంపించారు. "ఏం కాలే గద, ఉత్తగనే దవాఖాన దాక తిప్పినవ్" అని ఆ పిల్ల నాయిన ఇప్పటికీ దెప్పుతాడు. దెప్పనీ.

మీకు నేను చెప్పేది ఒక్కటే. నీళ్లలోంచి తీసిన మనిషి లేచి నడిచినా, నవ్వినా, అన్నం అడిగినా ఇంటికి తీసుకుపోకండి. పొట్ట నొక్కకండి. ఆక్సిజన్ ఉన్న దవాఖానకు ఆ క్షణమే తీసుకుపోయి, ఒక రోజు అక్కడే ఉంచమని అడగండి. ఒడ్డున ఎవరో ఒకరు "ఏం కాదు" అంటారు. నాతో ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఐసీయూలో నా పక్క మంచం మీద పడుకోలేదు.