గోబీ గొర్రెపిల్ల

ఉప్పునీళ్లలో వేసిన పచ్చి గోబీపువ్వు వాసన తగిలితే, రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో గడిచిన ఒక ఈస్టరు గుర్తొస్తుంది. అమ్మ లేదు. నాన్న గూడ్సుబండి గార్డు. జబ్బుపిల్లనని బడికి పంపకుండా ఇంట్లో ఆయనే తెలుగు చదివించేవారు. హిందీ నాకు అంతంతమాత్రం.

ఆ ఉదయం నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఉండాలని పళ్లెంలో గొర్రెపిల్లను చేశాను. ఒళ్లంతా గోబీ రెబ్బలు, కాళ్లు క్యారెట్టు ముక్కలు, కళ్లు మిరియాలు. మధ్యాహ్నమైనా ఆయన రాలేదు. పక్కింటి చాచీ గుమ్మంలో నిలబడి, "పాపా కల్ ఆయేంగే, బేటీ" అంది.

నాన్న కలలో వస్తారని నాకు అర్థమైంది. పళ్లెం పక్కన పెట్టుకుని వెంటనే పడుకున్నాను. చాచీ రొట్టె తెచ్చి లేపబోతే, "లేపకు చాచీ, నాన్న వచ్చి వెళ్లిపోతారు" అన్నాను. ఆమెకు తెలుగు రాదు. నా తల నిమిరి వెళ్లిపోయింది. ఎంత ప్రార్థించినా నిద్ర రాలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న వచ్చారు.

"నిన్న కలలోకి ఎందుకు రాలేదు?" అని ఏడ్చాను.

సంగతంతా విని, "కల్ అంటే రేపు, తల్లీ" అన్నారు. నవ్వలేదు. నేలమీద కూర్చుని, స్తోత్రం చెప్పి, వాడిపోయిన గొర్రెపిల్లను మిరియాల కళ్లతో సహా తిన్నారు.

ఆ రోజు నుంచి డ్యూటీకి వెళ్తూ నన్ను చాచీ ఇంట్లో దిగబెట్టేవారు. హిందీ నేర్చుకోమని పంపుతున్నారనుకునేదాన్ని. నేను ఒక్కదాన్నే ఉండకూడదని పంపారని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అలాంటి నాన్ననిచ్చిన దేవునికి స్తోత్రం.