మూలింట్లో అడిగి రాండి

ఖాళీ ఇంటికి ఒక వాసన ఉంటుంది. సున్నం, ఫినాయిలు, మూసి ఉంచిన కిటికీల వెనక నిలిచిపోయిన గాలి. ఈ ఉదయం తిరుపతిలో మా మేడమీది పోర్షన్ తలుపు తెరవగానే ఆ వాసన తగిలింది, పాత భయం గుర్తొచ్చింది. సాయంత్రం నాలుగు గంటలకు ఒకమ్మాయి ఇల్లు చూడడానికి వస్తానంది. పద్నాలుగు నెలలుగా ఆ పోర్షన్‌ను ఖాళీగానే ఉంచాను. గేటుకు టులెట్ బోర్డు మూడుసార్లు కట్టి మూడుసార్లూ విప్పేశాను. ఇలాంటప్పుడు చిత్తూరుకు ఫోన్ చేసేదాన్ని. అవతల వసంతమ్మ ఫోనెత్తి, నేను నోరు తెరవకముందే "ఏమ్మే, మళ్లా భయపడతా ఉండావా?" అని అడిగేది. ఈ ఏడాది మామిడికాయల కాలం మొదలయ్యే రోజుల్లో ఆమె పోయింది. ఆమె నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది.

వసంతమ్మ మాకు బంధువు కాదు. మేం ఆమె ఇంట్లో బాడుగకు ఉన్నవాళ్లం. ఆమె చిత్తూరు కోర్టులో తీర్పులకు నకళ్లు రాసే గుమాస్తాగా పనిచేసేది. పెళ్లయిన ఏడాదికే ఒంటరిదయింది. ఎలా అయిందో ఎవరూ పైకి చెప్పేవారు కాదు. ఉన్న ఇంటిని రెండు భాగాలు చేసి ఒకదాంట్లో తానుండి రెండోది బాడుగకు ఇచ్చేది. మధ్యలో ఒకే గోడ. అవతల గరిటె జారిపడితే ఇవతల వినిపించేది.

మా నాయన బస్సు డ్రైవరు. పలమనేరు నుంచి చిత్తూరుకు బదిలీ అయినప్పుడు నాకు పదకొండేళ్లు. రెండు రోజులు ఇళ్ల కోసం తిరిగాం. చంకలో తమ్ముడితో అమ్మ, వెనకాల నేను. నాలుగిళ్లు చూశాం. ప్రతి ఇంట్లోనూ ముందు కుళాయి చూపించారు, తర్వాత వంటిల్లు చూపించారు, చివర్లో "మీరేమోళ్లు?" అని కులం అడిగారు. నాయన దాచకుండా చెప్పాడు. ఆ జవాబు వినగానే ఒకాయనకు తన బావమరిది అదే ఇంటికి వస్తానన్న సంగతి గుర్తొచ్చింది. ఇంకొకామెకు ఇల్లు అమ్మేసే ఆలోచన వచ్చింది. నాలుగో ఇంటి నుంచి బయటికి వచ్చాక నాయన ముందు నడిచాడు. అమ్మ తమ్ముణ్ణి ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

ఐదోది వసంతమ్మ ఇల్లు. ఆమె తాళం తీసి ఇల్లు చూపించింది. మా గురించి ఏమీ అడగలేదు. అన్నీ చూడడం అయ్యాక అరుగు మీద కూర్చుని, వీధి చివర సున్నం రాలిపోయిన ఇంటివైపు చెయ్యి చూపింది.

"నా గురించి ఆ మూలింట్లో అడిగి రాండి. ఆమె పేరు మునెమ్మ. ఆమెకూ నాకూ మాటల్లేవు."

ఇది కూడా పొమ్మనడమేనని, కాస్త కొత్త రకమని నాయన అన్నాడు. బస్టాండుకు పోదామన్నాడు. అమ్మ మాత్రం మూలింటికే నడిచింది, నేను ఆమె వెంట పడ్డాను. మునెమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ ఉంది. ఎవరింటికి వచ్చామో చెప్పగానే చేట కిందపెట్టి మొదలుపెట్టింది. వసంతమ్మ బిందెలు లెక్కపెడుతుందట. గోడకు మేకు కొడితే వారం రోజులు సణుగుతుందట. మునెమ్మ మునగచెట్టు కొమ్మ పెరటి గోడ దాటి వచ్చిందని, పూత మీదున్న కొమ్మను మొదలంటా కొట్టించిందట. ఆ తర్వాత నావైపు చూసి, నన్ను నాయన దగ్గరికి పొమ్మని పంపేసి, అమ్మతో గొంతు తగ్గించి ఇంకేదో చెప్పింది.

తిరిగి వచ్చేసరికి వసంతమ్మ అరుగు మీదే ఉంది. ఏం చెప్పిందని అడిగింది. అమ్మ ఆమె కళ్లలోకి చూసి చెప్పింది.

"నీళ్లకాడ మీరు గట్టి అని చెప్పిందక్కా. మునగకొమ్మ సంగతి చెప్పింది. ఇంకొకటి గూడా చెప్పింది. అది నేను మోసుకొచ్చే మాట కాదు."

వసంతమ్మ అరుగు మీంచి లేచింది. కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి ఇస్తూ, సామాను ఎప్పుడు తెచ్చుకుంటారని అడిగింది. అంతే.

ఆ ఇంట్లో తొమ్మిదేళ్లున్నాం. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. స్కూలు నుంచి వచ్చి ఆమె అరుగు మీదే చదువుకునేదాన్ని. కోర్టు నుంచి తెచ్చుకున్న పాత పుస్తకాలు, పత్రికలు నాకు ఇచ్చేది. వీధిలో అందరూ ఆమెను ధైర్యస్తురాలనుకునేవాళ్లు. కాదు. నేను చూసిన మనుషుల్లో ఆమె అంత భయస్తురాలు లేదు. నాయన మమ్మల్ని సెలవులకు పలమనేరు తీసుకుపోతే, వచ్చేదాకా తలుపు వెనక ఇత్తడి బిందె పెట్టి పడుకునేది, ఎవరైనా నెడితే చప్పుడవుతుందని. మేం తిరిగొచ్చిన రోజు ఆ బిందెను బయటికి తెచ్చి తోముకునేది. అప్పుడు గాని అన్నం సరిగా తినేది కాదని అమ్మ చెప్పేది.

నాకు పదిహేనేళ్లప్పుడు అడిగాను, మా గురించి ఏమీ అడగకుండా ఇల్లెట్లా ఇచ్చావని. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడింది. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు అందరూ మంచివాళ్లేనట. కోర్టులో ప్రతి పిటిషన్ మొదటి పేజీ అలాగే ఉంటుందట. మూలింటికి పంపితే మాత్రం మనిషి ఎలాంటిదో బయటపడుతుంది. కొందరు సందు మలుపుదాకా పోయి, అక్కడ నిలబడి వెనక్కి వచ్చేస్తారు. ఆ మలుపు తన అరుగు మీదికి కనిపిస్తుందని వాళ్లకు తెలియదు. కొందరు వచ్చి, మీరు దేవత అని చెప్పిందండీ అంటారు. కొందరు విన్నదానికి రెండింతలు కలిపి చెప్పి, ఇప్పుడు మనం మనం ఒకటి అన్నట్టు నవ్వుతారు.

"మీ అమ్మ అట్లా కాదు. ఈ గోడకు ఇవతల నేను దగ్గినా వినపడతాది, ఏడ్సినా వినపడతాది. విన్నదాంట్లో ఎంత బయటికి తీసకపోవాల్నో తెలిసినోళ్లు కావాల నాకు. బాడుగ రాకపోతే ఒక నెల పోతాది. మనిషి తప్పయితే నిద్రే పోతాదిమ్మే."

నేను ఇదంతా విన్నాను, అర్థం చేసుకున్నాను. అయినా నా వంతు వచ్చినప్పుడు తప్పు చేశాను.

మా ఆయన ఉద్యోగం చెన్నైలో. పదిహేను రోజులకొకసారి వస్తారు. కింద నేను, మా అమ్మాయి. మేడమీద పోర్షన్ కట్టించినప్పుడు మొదట వచ్చినాయన తెల్లపంచె కట్టుకుని, నుదుట నామం పెట్టుకుని వచ్చాడు. కొండమీద సేవ చేసుకుంటాననీ, తల వాల్చుకోవడానికి నీడ ఉంటే చాలనీ అన్నాడు. చేతిలో ప్రసాదం పెట్టాడు. తిరుపతిలో పుట్టి పెరిగినా, వచ్చి స్థిరపడినా, ఆ మాట దగ్గర మేం మెత్తబడతాం. దేవుడి కోసం వచ్చిన మనిషిని వివరాలు అడగడం తప్పనిపిస్తుంది. ఆయన కుళాయి తిప్పి చూడలేదు, వంటింట్లోకి తొంగిచూడలేదు, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయని అడగలేదు. మీరెట్లా చెప్తే అట్లా అన్నాడు. దాన్ని నేను వినయం అనుకున్నాను. ఆ ఇంట్లో తాను ఉండబోవడం లేదు కాబట్టి అడగలేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి వసంతమ్మ ఫోన్‌లో, ఎదురింట్లో అడిగి రమ్మన్నావా అని అడిగింది. అడిగి రమ్మన్నానని అబద్ధం చెప్పాను.

మూడు వారాలు తిరక్కుండా మేడమీదికి వ్యాన్లలో యాత్రికులు రావడం మొదలైంది. ఆయన గదుల్లో చాపలు పరిచి రోజువారీగా ఇస్తున్నాడు. వచ్చినవాళ్ల తప్పేమీ లేదు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో దర్శనానికి వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపి పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు, ఎవరో ఒకాయన వేణ్ణీళ్లు కావాలంటూ మా వంటింటిదాకా వచ్చేశాడు. ఆ పిల్ల బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని నాకు ఫోన్ చేసింది. అప్పుడైనా నేను గట్టిగా ఖాళీ చేయమనాల్సింది. నెలాఖరుదాకా ఆగుదామనుకున్నాను.

ఆ నెలాఖరులోపే ఎదురింటి రెడ్డెప్పగారి భార్యకు ఆయాసం ఎక్కువైంది. వాళ్ల గేటుకు అడ్డంగా యాత్రికుల వ్యాను ఉంది. డ్రైవరు కొండ మీద ఉన్నాడు. లోపలున్న కారు బయటికి రాలేదు. రెడ్డెప్పగారు, ఇంకొకరు కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి సందు చివరిదాకా మోసుకుపోయారు. ఆమె బతికింది. కానీ ఇప్పటికీ నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. మరుసటి వారం రెడ్డెప్పగారు మా గేటు అవతలే నిలబడి అడిగారు.

"ఇల్లు ఎవురికిచ్చినావో నీకైనా తెలుసునామ్మా?"

నాకు తెలియదు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పైనున్నాయనను ఖాళీ చేయించాక వసంతమ్మకు మొత్తం చెప్పాను, అబద్ధం సంగతితో సహా. ఆమె తిట్టలేదు. ఎదురింటికి పోయి వచ్చావా అని మాత్రం అడిగింది. లేదన్నాను. "పో" అంది. ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ అదే అడిగేది. ప్రతిసారీ వచ్చే వారం అనేదాన్ని.

ఆమె పోయిన రోజు చిత్తూరులో, అరుగు కింద ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. మునెమ్మ. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమంది. చివరిదాకా మాట్లాడుకోలేదా అని అడిగాను.

"యాడ మాట్లాడినాము? ఆ మునగకొమ్మ కాణ్ణించి లేదు. అయినా ఇంటికి ఎవురొచ్చినా నాకాడికే పంపిస్తా వచ్చింది. నేను ఆమె గురించి మంచి చెప్పనని తెలుసు. లేంది చెప్పనని గూడా తెలుసు." కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇంటివైపు చూసింది. "ఇంగ ఎవురినీ పంపదు."

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు పేరు రేణుక అని చెప్పింది. ఆసుపత్రి ల్యాబులో పని. తోడుగా చెల్లెలు, ఏర్పేడు దగ్గర చదువుతోందట. ఇద్దరు ఆడపిల్లలే అనేసరికి ఇప్పటికే మూడుచోట్ల కాదన్నారని, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నానని అంది. వింటూ ఉండగానే నా గొంతులో ఒక ప్రశ్న పైకి వచ్చింది. ఆ నాలుగిళ్లలో మా నాయనను అడిగిన ప్రశ్న. నాలుక చివరిదాకా వచ్చింది. భయం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో ఆ క్షణం తెలిసింది. అడగలేదు. కానీ వచ్చిందన్నది నిజం.

రేణుక నాలుగింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. తాళంచెవి ఇచ్చి ఆ పిల్లను ఒక్కదాన్నే పైకి పంపాను. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కిటికీ తెరుచుకుంది, మూసుకుంది. దిగి వచ్చి, నీళ్లు ఏ పూట వస్తాయని, మెట్ల దగ్గర లైటు ఉందా అని అడిగింది. జవాబులు చెప్పాను. ఇక మిగిలింది ఒక్కటే. మా వీధిలో నా గురించి మంచి చెప్పేవాళ్లు పదిమందైనా ఉన్నారు. నా చెయ్యి ఎదురింటివైపు లేచింది.

"నా గురించి ఆ ఇంట్లో అడిగి రామ్మా. ఆయన పేరు రెడ్డెప్పగారు. ఆయన నాతో మాట్లాడరు."

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. తర్వాత వీధి దాటింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఐదు నిమిషాలు అయింది. పది అయింది. అన్నేళ్లూ జనాన్ని మూలింటికి పంపి, అరుగు మీద ఒక్కతే కూర్చున్నప్పుడు వసంతమ్మకు ఎలా ఉండేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె వాళ్లను పరీక్షిస్తోందని మాత్రమే అనుకున్నాను. తన గురించి ఏం చెబుతున్నారో తెలియకుండా, వచ్చేదాకా ఆగడం ఆమె వంతు. అంత భయస్తురాలు ఆ పని ప్రతిసారీ చేసింది.

రేణుక వచ్చాక, ఏమన్నారని అడిగాను.

"వ్యాను సంగతి చెప్పినారు. వాళ్లావిడను కుర్చీలో తీసుకుపోయింది చెప్పినారు." ఎదురింటివైపు తిరిగి చూసింది. "ఇంకొకటి గూడా అన్నారు. అది మీరే పోయి అడిగితే బాగుంటాదక్కా."

తాళంచెవి ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. తిరిగి ఇవ్వబోతే వద్దన్నాను. సామాను ఎప్పుడు తెచ్చుకుంటావని అడిగాను. ఆదివారం అంది. ఆ పిల్ల వెళ్లాక గేటు గడియ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఎదుటి వరండాలో రెడ్డెప్పగారు పేపరు మడిచి పక్కన పెట్టారు, కానీ లోపలికి పోలేదు. పద్నాలుగు నెలలుగా వచ్చే వారం అంటూ వచ్చిన పనికి, చెప్పులు కూడా వేసుకోకుండా, వీధి దాటాను.