మామగారి పటాలం బిళ్ళ

మా మామగారు గుర్రాల పటాలంలో పనిచేసి, సంగారెడ్డిలో స్థిరపడ్డారు. పటాలానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు అందరికీ తలా ఒక వెండి నాణెం పంచారట. ఒకవైపు గుర్రం, రెండోవైపు ఉర్దూ అక్షరాలు. నేను కాపురానికి వచ్చేసరికి హైదరాబాదు ఇండియాలో కలిసి ఏడెనిమిదేళ్ళయింది. పటాలం లేదు, నాణెం మాత్రం ఆయన చొక్కా జేబులో ఉండేది. పాలు పోసే ఆమెతో సహా ఎవరొచ్చినా దాన్ని చూడాల్సిందే, యుద్ధం కథ వినాల్సిందే. ఆ యుద్ధం ఎవరితో జరిగిందో మాకెవరికీ తెలియదు.

నా కూతురికి మూడో నెల రాగానే అత్తగారికి గజ్జెలు చేయించాలని బుద్ధి పుట్టింది. మామగారు స్నానానికి వెళ్ళినప్పుడు జేబులోంచి నాణెం తీసి, నన్ను వెంటబెట్టుకుని నగలు చేసే అవుసులాయన దుకాణానికి నడిచారు.

ఆయన ఆకురాయితో అంచు మీద ఒక్క గీటు గీసి చూశాడు.

"అక్కా, గిది వెండి గాదు. రాగి బిళ్ళకు కళాయి పూసిన్రు."

కళాయి అనగానే అత్తగారికి మనిషి దొరికాడు. మామగారి పటాలం దోస్తు జోగిపేటలో గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆదివారం సరుకు కోసం వచ్చి మా ఇంట్లో చాయ్ తాగి వెళ్ళేవాడు. ఆ ఆదివారం అత్తగారు చాయ్ పక్కనే నాణెం పెట్టారు.

"భాయ్, గిది నీ పనేనా?"

ఆయన మామగారి వైపు చూశాడు. మామగారు గోడ వైపు చూస్తున్నారు.

"మాఫ్ జెయ్యి భాబీ. అసలుది చేతికొచ్చిన వారానికే గీయన అంగట్ల పందెం పుంజుకు ఇచ్చేసిండు. ఇంట్ల అడుగుతరని పరేషాన్ అయితుంటే, నా నాణెంతోని అచ్చు తీసి చేసిచ్చిన."

"పుంజేమైంది?"

"మొదటి పందెంలనే ఉరికిపోయింది."

"దాన్నిగూడ పటాలంల పెట్టుకుంటే సరిపోతుండె. మరి యుద్ధం?"

"యుద్ధమేంది భాబీ? మేమిద్దరం గుర్రాలకు గడ్డేసినోళ్ళం."

మామగారు చాయ్ ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చింది, ఆయన వీపు చూసి జాలి కూడా వేసింది.

తరువాతి ఆదివారం దోస్తు తన నాణెం తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు.

"పిల్ల గజ్జెలకు వాడుకో. పెట్టెల ఉండి ఏం జేస్తది గిది?"

అత్తగారు వద్దనలేదు. దానికి తన పాత మట్టెలు కలిపి గజ్జెలు చేయించారు.

మామగారు పది రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. ఆ తరువాత ఒక సాయంత్రం పిల్లను ఒళ్ళో వేసుకుని కొత్త కథ మొదలుపెట్టారు. అందులో యుద్ధం లేదు. ఒక గుర్రం పెద్ద అధికారిని కూర్చునే చోట కరిచింది, ఆయన వారం రోజులు నిలబడే సలాములు తీసుకున్నాడు. అది నిజమేనని దోస్తు కూడా ఒప్పుకున్నాడు.