చిన్నాయన పేరు

సమాధుల పండుగకు సున్నం వేయడానికి ఎవరెవరు వస్తారని పొద్దున మా చర్చి వాట్సాప్ గ్రూపులో అడిగాను. "సారీ మామా, ఈ వారం నేను ఎంఐఏ" అని మేనకోడలు జవాబిచ్చింది, పక్కన నవ్వే బొమ్మ. కనబడను, నాకోసం చూడొద్దు అని అర్థమట. ఆఫీసులకు పోయే పిల్లలంతా ఇప్పుడు అలాగే అంటున్నారు. నాకు కోపమేమీ రాలేదు. ఆ మూడక్షరాలు మా ఇంటికి మొదట మిలిటరీ ఉత్తరంలో వచ్చాయని దానికేం తెలుసు?

మా చిన్నాయన సిపాయి. యుద్ధం ముగిశాక ఆయన రాలేదు, శవమూ దొరకలేదు. చేవెళ్లలో ఒక ఇంగ్లీషు సారు ఉత్తరంలో ఆ మూడక్షరాలు చదివి, "లడాయిల కనబడకుండ పోయిండని రాసిన్రు. సచ్చిపోయిండని రాయలే" అన్నాడు. చిన్నమ్మ ఆ రెండో మాటే పట్టుకుంది. ఉత్తరాన్ని బైబిల్లో దాచుకుంది. కోడి కోసిన రోజు ఆయనకని నాలుగు ముక్కలు తీసిపెట్టేది. మరునాడు వాటిని మేమే తినేవాళ్లమనుకోండి.

మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో సమాధుల పండుగనాడు, ప్రభువులో నిద్రించినవాళ్ల, అంటే చనిపోయినవాళ్ల, పేర్లు అయ్యగారు చదువుతారు. చిన్నాయనకు సమాధి లేదు కాబట్టి చిన్నమ్మ దిక్కులేని సమాధులకు సున్నం వేసేది. ఒక ఏడు కొత్తగా వచ్చిన అయ్యగారు తెలియక చిన్నాయన పేరు కూడా రాసుకొని చదివారు. చిన్నమ్మ చేతిలోని పూలబుట్ట కింద పెట్టింది.

"అయ్యగారూ, ఆ పేరు కొట్టేయుండ్రి. మా ఆయన నిద్రపోతలేడు, డ్యూటీల ఉన్నడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయ్యగారు అక్కడికక్కడే జేబులోంచి పెన్ను తీసి పేరు కొట్టేశారు. తర్వాత ఎంతమంది అయ్యగార్లు మారినా, వచ్చిన వారంలోనే సంఘపెద్దలు ఆ సంగతి చెవిన వేసేవారు. కొన్నేళ్లకు పేర్లు రాసే పని నాకొచ్చింది. నేనూ ఆయన పేరు రాయలేదు.

నిరుడు చిన్నమ్మకు బాగా జబ్బు చేసింది. చేవెళ్ల దవాఖాన నుంచి ఆటోలో తెస్తుంటే మొయినాబాద్ దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, వచ్చేసారి నా పేరు రాస్తవు గద. దాని కింద ఆయన పేరు గుడ రాయి."

"ఇన్నేండ్లు వద్దంటివి గద చిన్నమ్మా!"

"ఇన్నేండ్లు నేనుంటి. నేను పోయినంక వస్తే ఆయనకు తలుపెవలు తీస్తరు?"

ఆ నెలలోనే ఆమె పోయింది.

ఇందాక ఆ ఇద్దరి పేర్లూ రాశాను. అబద్ధమెందుకు, ఏడ్చాను. నిద్రించిన సంవత్సరం రాసే చోట చిన్నమ్మకు నిరుటి సంవత్సరం వేసి, చిన్నాయన దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి ఆయనకూ అదే వేశాను. ఆమె ఎదురుచూసినంత కాలమే ఆయన ఆయుష్షు.