బూట్లు కారులో వదిలేయమన్న ఆదివారం

అడవిలో దారిని ఎంచడం నాకు సరదా పని కాదు. మా పాపకు ఆరేళ్ళు. దానికి అడవి చూపించాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, ఆ రెండేళ్ళూ భయపడుతూనే ఉన్నాను. నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. కిటికీ తీస్తే ఎదురుగా కొండే. అయినా తిరుమలకు ఎక్కే మెట్ల దారి తప్ప ఆ కొండల్లో ఇంకో దారి నాకు తెలియదు. మా అమ్మ పోనివ్వలేదు. ఒకరోజు పాములనేది, ఒకరోజు చిరుతలనేది, ఏమీ దొరకనప్పుడు ఆడపిల్లవనేది. ఆ భయం నాలో దిగిపోయింది. నా నుంచి నా కూతురిలోకి దిగకూడదని నా పంతం.

అందుకే పదిరోజులు విచారించాను. తలకోన వైపు ఒక ఊళ్ళో చీపురుగడ్డి కోసుకుంటూ, తేనె తీసుకుంటూ బతికే పెద్దాయన ఉన్నాడు. అనుమతి తీసుకుని వచ్చేవాళ్ళకు దారి చూపిస్తాడు. ఆయనతో ఫోన్లో నాలుగుసార్లు మాట్లాడాను. రెండు దారులు చెప్పాడు. ఒకటి వంక వెంబడి, వాగు పక్కనే, చెట్ల నీడలో నీటిగుండం దాకా పోతుంది. ఎక్కడ అలిసిపోతే అక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు. రెండోది బండల మీదుగా పైన తీర్థానికి పోతుంది. దూరం ఎక్కువ, నీడ లేదు, మధ్యలో నీళ్ళు లేవు. "బిడ్డను తెస్తావు గదమ్మా, వంక దారే మేలు," అన్నాడు. అదే ఖాయం చేసుకున్నాను. పాపకు చీలమండ దాకా వచ్చే బూట్లు కొన్నాను. అడవిలో కరవకుండా వారం పాటు ఇంట్లోనే వేసి తిప్పాను.

మా బావ, అంటే మా ఆయన అన్న, తనూ వస్తానన్నాడు. ఆయన నెలనెలా తిరుమలకు కాలినడకన ఎక్కే మనిషి. మా ఊళ్ళో అలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఎంతసేపట్లో ఎక్కారో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ దారికి పైకప్పు ఉంది, దప్పికయితే కొళాయి ఉంది, ఆకలయితే బొరుగుల అంగడి ఉంది. అది ఎక్కినవాడు లోకంలో ఏ కొండయినా ఎక్కేయగలనని అనుకుంటాడు.

కారు దిగగానే బావ చెప్పులు విడిచి సీటు కింద పెట్టాడు. మా ఆయనా విడిచాడు. తర్వాత బావ పాప వైపు తిరిగాడు.

"రా బంగారూ, బూట్లిప్పు. ఈడ్నించీ సామి కొండ. శేషాచలమంటే ఆదిశేషుడి ఒళ్ళు. దాన్ని బూట్లతో తొక్కుతారా ఎవురన్నా?"

"బావా, ఇది మెట్ల దారి కాదు. ముళ్ళుంటాయి," అన్నాను.

"మేం చిన్నప్పుట్నించీ ఎక్కతానే ఉండాము గదా, మాకేమైంది? నువ్వు శానా సదువుకున్నావు మ్మా, అదీ నీ బాధ."

ఆయన నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు.

పాప నా మొహం చూసింది, పెదనాన్న మొహం చూసింది, కూర్చుని బూట్లిప్పేసింది. వాటిని నా సంచిలో పెట్టుకోబోతే, "వాటిని మోసుకోనొస్తావా పైకి?" అన్నాడు బావ. కారులోనే వదిలేశాను. నావీ విడిచాను. సంచిలో నాలుగు సీసాల నీళ్ళు, దూది, మందులు, టార్చి, విజిల్ అన్నీ ఉన్నాయి. బూట్లు మాత్రం లేవు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

దారి చూపే పెద్దాయన టైరు చెప్పులతో వచ్చాడు. మా కాళ్ళు చూసి ఆగిపోయాడు.

"చెప్పులేవమ్మా?"

"సామి కొండ గదప్పా," అన్నాడు బావ.

"మాకూ సామే సార్. దినామూ తిరగాల గదా, ఆయనకు తెలుసు."

మొదటి అరగంట బాగుంది. నేల చల్లగా, మెత్తగా ఉంది. చెట్టు నుంచి చెట్టుకు పాకిన లావుపాటి గిల్లతీగను చూసి పాప "కొండచిలువా?" అని అరిచింది. కాదని తెలిశాక దాని మీద చెయ్యి వేసి నిలబడింది. నేను కోరుకున్నది అంతే.

అక్కడ దారి రెండుగా చీలింది. బావ ఎడమకు తిరిగాడు.

"తీర్థం ఇంత దగ్గరుండంగా మునక్కుండా పోతామా?"

"ఆ దారి వద్దనుకున్నాం కదా. పాప కోసమే నేను వంక దారి ఎంచింది," అన్నాను.

"ఎంచేది నువ్వా? పిలిచేది సామి మ్మా."

నేను మా ఆయన వైపు చూశాను. "కొంచెం దూరమే కదా," అన్నాడు. ఎంత దూరమో ఆయనకు తెలియదు. ఒక్కసారీ అడగలేదు. నేను మళ్ళీ నోరు మూసుకుని వెనకాలే నడిచాను.

పది దాటేసరికి బండ కాలడం మొదలైంది. పాప ఒక కాలి మీద గెంతుతూ నడిచింది. చల్లగా ఉంటుందని పక్కన గడ్డిలోకి అడుగు వేసింది. పరికి ముల్లు మడమలో దిగి లోపలే విరిగింది. పిల్ల గట్టిగా ఏడవలేదు. పెదనాన్న చూస్తున్నాడని పెదవి కొరుక్కుంది.

"ఏం కాదులే. గోవిందా అను, నొప్పి పోతాది," అన్నాడు బావ.

"గోవిందా," అంది పాప. కళ్ళ నిండా నీళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మేం దిగిపోతున్నాం," అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే నాకే కొత్తగా అనిపించింది. పాపను చంకనెత్తుకున్నాను.

పెద్దాయన తలగుడ్డ విప్పి, రెండుగా చించి, పాప కాళ్ళకు చుట్టాడు. "నేను బిడ్డతో దిగతా సార్. మీరు ఈ బండ మీదనే కూసోనుండండి. దారి తప్పితే కష్టం. మళ్ళొచ్చి పిల్సుకోని పోతా."

"ఇంత దూరమొచ్చి నడిమిట్లో కూసోవాల్నా మేము?"

"కూసోండి సార్, గోవిందా అనుకుంటా."

మా ఆయన నా వెంట రాలేదు. అన్న ఒక్కడే ఉంటాడని ఆగిపోయాడట. వాళ్ళకు తాగే నీళ్ళు కూడా నా సంచిలోంచే ఇచ్చి దిగాను. కొళాయి ఉండదన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు.

మూడో రోజుకు మడమ వాచి చీము పట్టింది. డాక్టరు కోసి ముల్లు తీశారు. ఆటోలో తిరిగొస్తుంటే పాప మెల్లగా అడిగింది, "అమ్మా, నేను గోవిందా సరిగ్గా అనలేదా? అందుకే నొప్పి పోలేదా?"

సరిగ్గానే అన్నావని చెప్పాను. ముల్లు గుచ్చుకుంటే ఎవరికైనా నొప్పి పుడుతుందని, అందులో దాని తప్పేమీ లేదని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. మా అమ్మ నాకు పామునిచ్చింది, చిరుతనిచ్చింది. వీళ్ళు నా కూతురికి అంతకంటే పెద్ద భయం ఇచ్చారు, అదీ భక్తి పేరు పెట్టి. నేను పక్కనే నిలబడి చూశాను.

ఇందాక, పిల్ల నిద్రపోయాక, మా ఆయన మంచం మీద వాలుతూ అన్నాడు, "ఈసారి దారి నువ్వే ఎంచులే." నాకేదో దానం చేస్తున్నట్టు.

"పోయినసారి కూడా నేనే ఎంచినాను. నువ్వు నవ్వినావు," అన్నాను.

ఆయన లైటు ఆపబోయాడు. నేను ఆపనివ్వలేదు.