ముక్కు పనిచెయ్యని తోటమాలి

మా తమ్ముడికి వాసన తెలియదు. ఆ మధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. అలాంటివాడు చేసేది వాసనల తోటలో మాలి పని! చూపు లేనివాళ్ళూ, చూపుండీ అలసిపోయినవాళ్ళూ వచ్చి ఆకులు నలిపి వాసన చూసుకోవడానికని నగరం నడిబొడ్డున పెట్టిన తోట అది. సంగతి పైవాళ్ళకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని వాడి భయం. తెలిసింది నాకొక్కదానికే. గేటు పక్కన నా టీ బండి. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క పైకి పొక్కనివ్వలేదు, నా నోటి సంగతి తెలిసినవాళ్ళు నమ్మరు గానీ.

వాడు ఆకులను వేళ్ళతో తడిమి పోల్చుకుంటాడు. పుదీనాకు ముడతలు, మరువం మెత్తన. నిమ్మగడ్డి దగ్గరే చిక్కు. మామూలు గడ్డి దుబ్బును పక్కన పెడితే వాడి వేళ్ళకు రెండూ ఒకటే.

టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆపరేటరమ్మ రోజూ ఉదయం వస్తుంది. ఆవిడకు చూపు లేదు. గేటు దాటగానే తెల్లకర్ర మడిచి సంచిలో పెట్టేస్తుంది. “ఊరు మొత్తం మీద కర్ర లేకుండా నడిచేది ఇక్కడొక్కచోటే” అంటుంది, అదేదో గొప్పగా. పుదీనా దాటాక నిమ్మగడ్డి వాసన తగలగానే ఎడమకు తిరుగుతుంది. తిన్నగా వెళ్తే కొలను.

ఆ వారం కొలను మరమ్మతు. నీళ్ళు తోడేసి గట్టు పడగొట్టారు. కింద రాళ్ళు, ఇనుప చువ్వలు. అడ్డంగా ఒక రిబ్బను కట్టి చేతులు దులుపుకున్నారు మహానుభావులు!

మలుపులో ఎండిపోయిన దుబ్బులు పీకేసి, నర్సరీ నుంచి వచ్చిన కొత్తవి నాటాడు మావాడు. మర్నాడు పొద్దున్నే టీలో వేద్దామని రెండు పోచలు తుంచుకొచ్చి బండి దగ్గర నలిపాను. వాసన లేదు. రెండోది నలిపాను. ఉత్త గడ్డి.

తలెత్తేసరికి ఆపరేటరమ్మ పుదీనా దాటేసింది. కర్ర సంచిలో ఉంది.

“ఆగండమ్మా!” అని అరిచాను. రాళ్ళు కోసే మిషన్ రొదలో నా కేక నాకే వినపడలేదు. తమ్ముడు కొలను పక్కన నీళ్ళు పోస్తున్నాడు. రెండు చేతులూ ఊపాను. వాడు నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు, క్యాను విసిరేసి పరుగెత్తాడు. రిబ్బను ఛాతీకి తగిలితే ఏదో తీగ అనుకుని పక్కకు తోసేసిందావిడ. కాలు గాల్లోకి లేచింది. వాడు భుజం పట్టి వెనక్కి లాగాడు.

ఆవిడ వాడి చెయ్యి విదిలించుకుంది. “నిమ్మగడ్డి ఏదయ్యా? ఎవరు తీసేశారు?”

“నర్సరీవాళ్ళు తప్పు మొక్కలు పంపారమ్మా” అన్నాను పరుగున వచ్చి, రొప్పుతూ. అందులో అబద్ధమేం లేదు కదా!

“వాళ్ళు పంపారు, నేను నాటాను” అన్నాడు తమ్ముడు. “నాకు వాసన తెలీదమ్మగారూ. ఎప్పట్నుంచో తెలీదు.”

వాడి నోరు మూసెయ్యాలనిపించింది. ఆవిడ సంచిలోంచి కర్ర తీసి, విప్పి, దారంతా తడుముకుంటూ గేటు దాకా వెళ్ళింది. వాడు అక్కడే కూలబడ్డాడు.

“నీ ఉద్యోగానికి నువ్వే నీళ్ళొదులుకున్నావు కదరా!”

“ఉద్యోగం సంగతి వదిలెయ్ అక్కా. ఆవిడ కర్ర తీసింది, చూశావా?”

ఆ మాటకు నా కోపం చల్లారిపోయింది.

మరుసటి ఉదయం వాడు కొత్త మొక్కల ట్రే ముందేసుకుని కూర్చుంటే, కర్ర చప్పుడు చేసుకుంటూ ఆవిడే వచ్చింది. ఫిర్యాదుకే వచ్చిందనుకున్నాను.

“ఆ ట్రే ఇటు పట్రా” అంది. ఒక్కో మొక్కా గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇది కాదు. ఇదీ కాదు. ఆ, ఇది నాటు.”

నాటాడు. నీళ్ళు పోశాడు.

“ఇంక పక్కకి జరుగు. పిలవొద్దు, పట్టుకోవద్దు.”

వెనక్కి గేటు దాకా వెళ్ళి, కర్ర మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. కొలనుకు ఆ రిబ్బను తప్ప అడ్డం లేదు. తమ్ముడు మలుపు పక్కనే నిలబడ్డాడు. నా బండి మీద టీ పొంగిపోతున్నా నేను కదల్లేదు. ఆవిడ పుదీనా దాటింది. మలుపులో ఆగి, ఒక అడుగు తిన్నగా ముందుకే వేసింది. వాడి చెయ్యి లేచింది. పళ్ళ బిగువున దించుకున్నాడు.

ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, ఎడమకు తిరిగింది.